‘మన్నించండి’ అన్న పేజీ

ఉండి దగ్గర మా ఊళ్ళో నాగదుర్గ ఏం పని చేస్తుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. భీమవరంలో కంప్యూటర్ ఉద్యోగం అంటారు కొందరు. ఆన్‌లైన్ దొంగల్ని పట్టే పోలీసమ్మ అంటాడు బస్సు కండక్టరు బుల్లియ్య, ఆమె కోసం ఒక నిమిషం బస్సు ఆపించి మరీ. ఆమె అత్తగారు సుబ్బాయమ్మ మాత్రం, "ఏం ఉద్యోగమోనమ్మా, పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ తలుపులు లాగి చూసే పని" అంటుంది.

సరైన మాట అత్తగారిదే. నాగదుర్గ పనిచేసే ఆఫీసు భీమవరంలో చేపల చెరువుల మందులమ్మే దుకాణం పై అంతస్తులో ఉంది. పదిమంది ఉంటారు. వెబ్‌సైట్లు కడతారు. కట్టిన ప్రతి సైటుకూ తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో, దారిన పోయేవాడు లోపలికి దూరగలడో లేదో చూడడం నాగదుర్గ పని. సైటులో తలుపులు వందల్లో ఉంటాయి. పేరు రాసే గడి ఒక తలుపు, ఫోటో పంపే చోటు ఒక తలుపు. మనిషి అన్నీ లాగి చూడాలంటే నెల పడుతుంది. అందుకని స్కానర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. దానికి ఒకసారి లాగిన్ అయి దారి చూపిస్తే, తర్వాత అదే అన్ని తలుపులూ లాగి చూసి, ఏది ఊడి వస్తోందో చెబుతుంది. చివర్లో నాగదుర్గ రిపోర్టు రాసి సంతకం పెడుతుంది.

ఆమె మా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివిన పిల్ల. డిగ్రీ అయ్యాక డేటా ఎంట్రీకని ఆ ఆఫీసులో చేరింది. తొమ్మిదేళ్ళలో, బస్సులో నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదువుకుంటూ, ఆ పని నేర్చుకుంది. ఆ బస్సులో పక్క సీటు నాది కాబట్టి ఇవన్నీ నాకు తెలుసు. ఇప్పుడు రాయబోయేది కూడా ఆమె చెప్పినదే. కొన్ని వివరాలు మార్చమంది, మార్చాను.

కిందటి ఆషాఢంలో వాళ్ళ ఆఫీసుకి ఒక ధర్మాసుపత్రి పని వచ్చింది. కిడ్నీలు పాడైనవాళ్ళకి డయాలసిస్ చేసే చోటు. వారానికి రెండుసార్లో మూడుసార్లో ఆకివీడు నుంచి, మొగల్తూరు నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చి వరుస చీటీల కోసం కూర్చుంటారు. వాళ్ళ వంతు ఎప్పుడో, రక్తపరీక్షలో ఏం వచ్చిందో ఇంటి దగ్గరే ఫోన్లో చూసుకునేలా ఒక సైటు కట్టమన్నారు ట్రస్టు పెద్దలు. మంచి పనే. రెండో శ్రావణ శుక్రవారం ప్రారంభమని ముహూర్తం పెట్టి, కార్డులు కూడా వేయించారు.

ఏ సైటు చూడాలన్నా ముందు అందులో ఉండేవి ఎవరి సంగతులో వెళ్ళి చూసి రావడం నాగదుర్గకు అలవాటు. ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ డయాలసిస్ వార్డు చూసుకునే సిస్టర్ పేరు రూతు. యాభై దాటిన మనిషి. నాగదుర్గను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, పేషెంట్ల ఫైళ్ళు చూపించింది. పేర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి చూపించింది. కొన్నిటి మూల చిన్న ఎర్ర చుక్క ఉంది.

"ఈ చుక్క ఏంటండి సిస్టర్?"

రూతు గొంతు తగ్గించింది. "రక్తంలో కామెర్ల వైరస్ ఉన్నవాళ్ళండి. వాళ్ళకి వేరే మిషన్ పెట్టాలి, వేరే గది. కానీ ఆ మాట పైకి అనకూడదు కదండి. 'మీకు ఆ కిటికీ గది బాగుంటుందండి, గాలి వస్తుంది' అంటాను. వాళ్ళకీ అర్థమవుతుంది, పక్కనున్నవాళ్ళకి అర్థం కాదు."

"ఎన్నాళ్ళ నుంచండి ఇలాగ?"

"నేను చేరిన దగ్గర్నుంచీ. మాకొకాయన ఉన్నారండి. నలుగురికీ వండిపెట్టి బతికే మనిషి. ఇది తిండితో అంటుకునేది కాదు. ఆ మాట ఊరికి ఎవరు చెబుతారు? తెలిసిన రోజునే ఆయన పొయ్యి ఆరిపోతుంది. నాలుగేళ్ళుగా ఆయన భార్యకీ, డాక్టరుగారికీ, నాకూ తప్ప నాలుగో మనిషికి తెలీదు." ఫైలు మూసి దాని మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు ఈ చుక్క మీ కంప్యూటర్లోకి ఎక్కుతోంది. ప్రభువు దయ, మీ జాగ్రత్త. అంతేనండి."

"అలాగేనండి సిస్టర్" అని చెప్పి వచ్చింది నాగదుర్గ.

సైటు కట్టింది గణేష్‌బాబు. పాతికేళ్ళవాడు, పని చకచకా చేస్తాడు. ప్రారంభానికి ఆరు రోజుల ముందు, శనివారం పొద్దున్న నాగదుర్గ పరీక్ష మొదలుపెట్టింది. అసలు పేషెంట్ల వివరాలు కాదు, కల్పించిన పేర్లతో కట్టిన నకలు సైటు మీద. తాను ఒకసారి లాగిన్ అయి స్కానర్‌కు దారి చూపించి, ఇక వెళ్ళమంది.

"ఏంటి దుర్గక్కా, నా సైటుకి దిష్టి పెడుతున్నావా?" అన్నాడు గణేష్‌బాబు.

"దిష్టి తీస్తున్నాను. కదలకుండా కూర్చో."

పదకొండు నిమిషాల్లో అయిపోయింది. నాలుగు వేల పైచిలుకు తలుపులు లాగి చూసింది స్కానర్. లోపాలు: సున్నా.

"ఇంత తొందరగానా!" అంది నాగదుర్గ.

"బాగా కడితే తొందరగానే అవుతుందక్కా. మేస్త్రీని బట్టే గోడ" అన్నాడు వాడు కాలరు సర్దుకుంటూ.

ఆఫీసు యజమాని గోపాలకృష్ణమూర్తి గారు కాలేజీలో లెక్కలు చెప్పి మానుకున్న పెద్దమనిషి. పనివాళ్ళెవరికి జ్వరం వచ్చినా స్వయంగా ఇంటికి వెళ్ళి చూసి వస్తారు. సున్నా అన్న మాట వినగానే అందరికీ కోవా తెప్పించారు. నాగదుర్గ రిపోర్టు కింద ‘లోపాలు కనపడలేదు’ అని రాసి సంతకం పెట్టింది. రిపోర్టు ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. నాగదుర్గ భర్త బుల్లిరాజు చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లు బాగుచేస్తాడు. సొంతంగా ఒక చిన్న చెరువు కౌలుకు పట్టి రొయ్య వేద్దామని అతని కోరిక. ఆ పొద్దున్న ఒక ఆసామిని అడగడానికి వెళ్ళి, భోజనం వేళకు మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"ఏమన్నార్రా?" అంది సుబ్బాయమ్మ.

"ఇచ్చేసినట్టేనమ్మా. 'అలాగేనయ్యా, నీకు కాకపోతే ఎవరికి, తప్పకుండా చూద్దాం, కార్తీకం వెళ్ళాక ఓసారి కనపడు' అన్నారు."

సుబ్బాయమ్మకు నవ్వుతో పొలమారింది. "ఒరే సన్నాసీ, నీకు పిల్లనిచ్చినోళ్ళకి దణ్ణం పెట్టాలిరా. అది ఇవ్వననడం!"

"కాఫీ ఇచ్చారమ్మా!"

"కాఫీ ఇచ్చి మరీ ఇవ్వనన్నారు. మనవైపు ఎవరైనా మొహం మీద లేదంటారట్రా? పుట్టి బుద్ధెరిగి విన్నావా?"

బుల్లిరాజు దిగులుగా నాగదుర్గ వైపు చూశాడు. ఆమె పప్పు గరిట పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఏంటే, నీకేమైంది?"

"ఏం లేదండి. తినండి" అంది. ఆ మాట తర్వాత ఆమె తిన్నది నాలుగు ముద్దలే.

ఆమెకు తట్టింది ఇది. స్కానర్ ప్రతి తలుపూ లాగినప్పుడు సైటు ఒక జవాబు పంపుతుంది. జవాబు పైన ఒక అంకె ఉంటుంది. రెండు వందలంటే అంతా సవ్యం అని. నాలుగు వందల మూడంటే నీకు ప్రవేశం లేదు పొమ్మని. స్కానర్‌కు తెలిసింది ఆ అంకెలే. నాగదుర్గ కూడా ఇన్నేళ్ళుగా అంకెలే చూసింది. శనివారం వచ్చినవన్నీ రెండు వందలు. ఆ జవాబుల్లో ఏం రాసుందో తాను చదవలేదు.

అంట్లు అత్తగారికి వదిలేసి, లాప్‌టాప్ తెచ్చుకుని వసారాలో కూర్చుంది. మొదటి జవాబు తెరిచింది.

‘మన్నించండి. మీ సమయం ముగిసిందండి. దయచేసి మొదటి పేజీకి వెళ్ళి మరొక్కసారి ప్రయత్నించగలరు.’

రెండోది తెరిచింది. అదే. వందోది అదే. వెయ్యోది, మూడు వేలోది. నాలుగు వేల పైచిలుకు జవాబులూ ఆ ఒక్క మాటే.

సంగతేమిటంటే, లాగిన్ అయిన మనిషికి ఆ సైటు ప్రతి పేజీతోనూ కంటికి కనపడని చీటీ ఒకటి ఇస్తుంది. టోకెన్ అంటారు. మనం ఏదైనా నింపి పంపినప్పుడు ఆ చీటీ కూడా వెనక్కి వెళ్ళాలి. అది ఒక్కసారికే చెల్లుతుంది. తర్వాతి పేజీకి కొత్త చీటీ. మన ఫోను ఇదంతా తనంతట తానే చేసుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. స్కానర్ మాత్రం, శనివారం పొద్దున్న నాగదుర్గ దారి చూపించినప్పటి పాత చీటీనే పట్టుకుని నాలుగు వేల సార్లు చూపించింది. సైటు నాలుగు వేల సార్లు వద్దంది. కానీ మన్నించండి అంటూ, రెండు వందల అంకె వేసి మరీ వద్దంది. లోపలికి రానిచ్చారనుకుంది స్కానర్. ఒక్క తలుపు కూడా ముట్టుకోకుండా, అన్నీ గట్టిగా ఉన్నాయని చెప్పింది. దాని కింద నాగదుర్గ సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్న గణేష్‌బాబు వచ్చేసరికి ఆమె వాడి కుర్చీ పక్కనే నిలబడి ఉంది.

"ఈ మన్నించండి ఏంటి బాబూ? టోకెన్ చెల్లకపోతే నాలుగు వందల మూడు కదా పంపాలి."

"పెద్దవాళ్ళు వాడతారు కదక్కా. ఎర్రగా ఎర్రర్ అని పడితే హడిలిపోతారు. నొప్పించకుండా చెప్పాలని మామూలు పేజీలాగే పంపించాను." వాడు ఆమె మొహం చూసి ఆగాడు. "ఏం, తప్పా?"

"ఇంకెక్కడెక్కడ పెట్టావిది?"

"రెండేళ్ళ నుంచి మన సైట్లన్నిటికీ ఇదేనక్కా."

నాగదుర్గ పాత రిపోర్టులు తెరిచి చూసింది. లాగిన్ పెట్టి వాడు కట్టినవి ఇంకో రెండున్నాయి, ఒక ఆడపిల్లల హాస్టల్ సైటు, ఒక చేపపిల్లల వ్యాపారి సైటు. రెంటికీ సున్నా లోపాలని తానే సంతకం పెట్టింది. రెంటిలోనూ జవాబులన్నీ మన్నించండి, మన్నించండి.

ఆమె మూర్తిగారి గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పుడే పటాలకు పువ్వులు పెట్టి, అగరొత్తి వెలిగించి కూర్చున్నారు. ఆమె చెప్పినదంతా విన్నారు. లెక్కల మేష్టారు కాబట్టి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

"కార్డులు పంచేశారమ్మా" అన్నారు నెమ్మదిగా.

"తెలుసండి."

"పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. మొన్నే రిపోర్టిచ్చి, ఇవాళ కాదంటే..." అగరొత్తి వైపు చూశారు. "శుక్రవారం అవనీ అమ్మా. తర్వాత నిదానంగా చూద్దాంలే."

తొమ్మిదేళ్ళలో ఆయన ఏం చెప్పినా ‘అలాగేనండి సార్’ అనడమే ఆమెకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చిందట.

"సార్, చూద్దాం అంటే చేద్దామనా, వద్దనా అండి?"

ఆయన ఉలిక్కిపడ్డట్టు తలెత్తారు.

"శుక్రవారం సైటు తెరిస్తే అసలు పేషెంట్ల పేర్లు ఎక్కుతాయండి. వాళ్ళ జబ్బులు ఎక్కుతాయి. తలుపు ఉందో లేదో మనకి తెలీదు. తెలుసని నేను సంతకం పెట్టాను."

"నీ సంతకం వెనక్కి తీసుకుంటే, ఆ పాత రెండూ కూడా తియ్యాలి. తెలుసునా?"

"తెలుసండి."

"తప్పెవరిదని అడుగుతారమ్మా."

"నాదని చెప్పండి. జవాబులు చదవకుండా సంతకం పెట్టింది నేనేనండి. గణేష్‌బాబుని ఏమీ అనకండి, వాడు పెద్దవాళ్ళ మీద జాలితో చేశాడు."

మూర్తిగారు కళ్ళజోడు తీసి కండువాతో చాలాసేపు తుడుచుకున్నారు. "నాకు కాదనడం చేతకాదమ్మా. నా జన్మలో ఎవర్నీ కాదనలేదు. వాళ్ళకి నేను చెప్పలేను."

"నేను చెబుతానండి. మీరు నన్ను వద్దనకుండా ఉంటే చాలు."

"వద్దనను" అన్నారాయన.

ఆమె మూడు ఉత్తరాలు రాసింది. మూడింటిలోనూ ఒకే మాట. ‘మీ సైటుకు నేను చేసిన పరీక్ష లోపలికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపాలు లేవని నేను రాసినది నిజం కాదు. మళ్ళీ పరీక్షించేదాకా ఆ రిపోర్టును నమ్మవద్దు.’ దయచేసి అని గానీ, మన్నించండి అని గానీ ఎక్కడా పెట్టలేదు. పెడితే విషయం పలుచబడుతుందని భయపడిందట. సంతకాలు పెట్టి బల్ల మీద ఉంచి, మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి, మూడింటి మీదా ఆమె పేరు కింద మూర్తిగారి సంతకం కూడా ఉంది. ఆయన గదిలో లేరు.

తర్వాత ఆమె, గణేష్‌బాబు కూర్చుని స్కానర్‌కు పద్ధతి నేర్పారు. ప్రతి తలుపూ లాగే ముందు ఆ పేజీని కొత్తగా తెరవాలి. అందులో వచ్చిన తాజా చీటీని వెతికి పట్టుకుని, దాన్నే చూపించాలి. ఒకేసారి పది తలుపులు లాగకూడదు, ఒకదాని కోసం తీసుకున్న చీటీ రెండోదాన్ని చెల్లకుండా చేస్తుంది. రేషన్ వరుసలో నిలబడ్డట్టు ఒక్కొక్కటే. అన్నిటికన్నా ముఖ్యం, ‘మన్నించండి’ అన్న మాట కనపడితే పైన ఏ అంకె ఉన్నా అది కాదనడమేనని గుర్తుపట్టి, లాగిన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

"మనిషికైతే ఇంత చెప్పక్కర్లేదు కదక్కా" అన్నాడు గణేష్‌బాబు.

"మా ఆయనకీ చెప్పాలిరా" అంది నాగదుర్గ. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే.

ఈసారి పదకొండు నిమిషాల్లో అవలేదు. మంగళవారం పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి అయింది. లోపాలు: మూడు. మొదటి రెండూ చిన్నవి. మూడోది చూసి గణేష్‌బాబు కుర్చీలోంచి లేచిపోయాడు. పేషెంటు తన రక్తపరీక్ష కాగితం తెరిచినప్పుడు పైన సైటు చిరునామాలో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఒకటి పెంచితే పక్కమనిషి కాగితం తెరుచుకుంటోంది. పేరు, ఫోన్ నంబరు, పరీక్షల ఫలితాలు. ఎర్ర చుక్కకు బదులు అక్కడ ఆ జబ్బు పేరే పూర్తిగా రాసి ఉంది. అవి కల్పించిన పేర్లు కాబట్టి సరిపోయింది.

"శుక్రవారం ఇది..." అన్నాడు వాడు. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మళ్ళీ పనిలో కూర్చున్నాడు.

బుధవారం నాగదుర్గ ఒక్కర్తే ట్రస్టు పెద్దల ముందు నిలబడి చెప్పింది. ఒకాయన గట్టిగానే అన్నాడు, చిన్న పనివాళ్ళకి పెద్ద పని ఇస్తే ఇంతేనని. ప్రారంభం ఆగిపోయింది. చేపపిల్లల వ్యాపారి మళ్ళీ పరీక్ష చెయ్యమన్నాడు. హాస్టల్ వాళ్ళు నిజం చెప్పినందుకు చాలా సంతోషమని ఫోన్లో మరీమరీ అని, సైటు మూసి పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ ఆడపిల్లల వివరాలు ఈ రెండేళ్ళలో ఎవరైనా చూశారో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి లేదు. బస్సులో ఆ మాట చెప్పినప్పుడు కిటికీ వైపు తిరిగిపోయింది. నేను మా ఊరి అమ్మవారి కుంకుమ పొట్లం ఆమె చేతిలో పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

శుక్రవారం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళనవసరం లేదు. ప్రారంభం ఆగిన సంగతి పేషెంట్లకు ఎవరూ చెప్పి ఉండరని వెళ్ళింది. అలాగే అయింది. పంచె కట్టుకున్న ఒక ముసలాయన ఫోను పట్టుకుని రూతు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇవాల్టి నుంచి ఇందులో వస్తుందన్నారు కదండి సిస్టరుగారూ?"

రూతు నాగదుర్గ వైపు చూసింది.

"రాదండి" అంది నాగదుర్గ. "నేను పరీక్ష సరిగా చెయ్యలేదండి. ఒక తలుపు పాడుగా ఉంది. అది బాగుచెయ్యడానికి మూడు వారాలు పడుతుందండి."

ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "పోనీలే తల్లీ. ఇన్నేళ్ళు కూర్చున్నాం, మూడు వారాలు కూర్చోలేమా" అని, బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

కాసేపటికి లోపలి నుంచి ఒకాయన వచ్చాడు, మోచేతికి దూది పట్టీతో. వెనక ఆయన భార్య, చేతిలో పెద్ద కేరియరు.

"ప్రారంభం లేదటగా" అన్నాడు నవ్వుతూ. "అందరికీ పెడదామని తెల్లారగట్ల లేచి వేయించానండి. లేకపోతే మాత్రం గారెలు పాడుచేసుకుంటామా? రండి, తినండి."

ఆకులు పరిచి అందరికీ వడ్డించింది ఆయన భార్య. నాగదుర్గ ఆయన వచ్చిన గుమ్మం వైపు చూసింది. లోపల కిటికీ ఉంది, తెర గాలికి ఊగుతోంది. రూతు ఆమె చూపు ఎటు వెళ్ళిందో చూసి, చప్పున కాగితాల్లోకి తల వంచేసుకుంది. ఆ పెద్దమనిషి ఎవరో నాగదుర్గ నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

"మీరు తినరేంటమ్మా? మా చేతి గారెలు భీమవరమంతా తింటారు" అన్నాడాయన.

నాగదుర్గ గారె తుంచి నోట్లో పెట్టుకుంది.

"అల్లం బాగా పడిందండి" అంది. "ఇంకోటి వెయ్యండి."